మధ్యాహ్నం నిద్రపోయే సర్వరు

2009 వేసవిలో డోన్ పని నాకు అప్పగించారు. అప్పటికి నేను కర్నూలులో ఒక కంప్యూటర్ సర్వీసు సంస్థలో సీనియర్ ఇంజనీరును. డోన్ బజారులో బట్టల అంగడి నడిపే రామయ్య శెట్టిగారు సొంతంగా రక్తదాతల జాబితా ఒకటి నిర్వహించేవారు. ఎవరిది ఏ గ్రూపు, చివరిసారి ఎప్పుడిచ్చారు, ఫోను నంబరు, అన్నీ అందులో ఉండేవి. కింద అంగడి, మీద ఇల్లు. మీద దేవుడి గదిలో ఒక మూల లైనక్స్ సర్వరు పెట్టి, అంగట్లోని కంప్యూటరుకు తీగ లాగింది నేనే. సర్వరంటే పెద్ద యంత్రమేమీ కాదు, జాబితాను దాచి అడిగినప్పుడు అందించే మామూలు కంప్యూటరు. ఆ రోజులు తలుచుకుంటే కొత్త బట్టల గంజి వాసనే ముందు గుర్తొస్తుంది. ఆ వాసన నాకిప్పటికీ ఇష్టం.

పెట్టిన నెలకే ఫిర్యాదు వచ్చింది. మధ్యాహ్నం దాటితే అంగట్లో జాబితా తెరుచుకోదు, మీదికి పోయి చూస్తే సర్వరు ఆరిపోయి ఉంటుంది. శెట్టిగారి అకౌంటులో పవర్ సెట్టింగులు తెరిచి, ఖాళీగా ఉన్నా నిద్రపోవద్దని పెట్టి వచ్చాను. వారం తిరక్కుండానే మళ్ళీ అదే కథ. నా అనుమానం శెట్టిగారి తల్లి లక్ష్మమ్మగారి మీదికి పోయింది. ఏ గదిలోంచి బయటికొచ్చినా ఫ్యాను, లైటు ఆపడం ఆమె అలవాటు. పగలంతా ఇంట్లో ఉండేదీ ఆమె ఒక్కరే.

"నేను ముట్టలేదప్పా. ఆర్పేసిన మిషను బొత్తాం నొక్కంగానే లేస్తాదా? ఇది మనిషి కునుకు తీసి లేసినట్ల లేస్తాండాది," అన్నారామె. ఇరవై ఏళ్ళ అనుభవమున్నవాణ్ణి, నవ్వేసి ఊరుకున్నాను. ఆమె పెట్టిన ఉగ్గాని, బజ్జి తిని, స్విచ్చు మీద ప్లాస్టరు అంటించాను. రిపోర్టులో కారణం అన్నచోట 'ఇంట్లోవాళ్ళు ఆపడం' అని రాసి సంతకం పెట్టాను. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే అదే.

తర్వాత, శెట్టిగారు ఊళ్ళో లేని ఒక రోజు, కర్నూలు ఆసుపత్రి నుంచి అంగడికి ఫోనొచ్చింది. కాన్పయిన ఒకామెకు ఓ నెగటివ్ రక్తం కావాలి. గుమాస్తాకు జాబితా తెరుచుకోలేదు, మీదికి పోయి బొత్తాం నొక్కితే చాలని అతనికి తెలియదు. వాళ్ళనూ వీళ్ళనూ అడిగి దాతను పట్టేసరికి రెండు గంటలు పట్టింది. ఆమె బతికింది. శెట్టిగారు తల్లిని ఒక్క మాట అనలేదు గానీ, దేవుడి గదికి తాళం వేస్తానన్నారు. అంటే సాయంత్రం దీపం పెట్టాలన్నా ఆమె కొడుకు దగ్గర తాళంచెవి అడుక్కోవాలి. కాపరానికి వచ్చిన నాటి నుంచి ఆమె చేతిలో ఉన్న గది అది. తాళం వేసేముందు ఒకసారి చూసి పొమ్మని నాకు కబురు పెట్టారు.

ఈసారి గది వదల్లేదు. శెట్టిగారు అన్నానికి వచ్చి, తిని, పొద్దున తెరిచిన అకౌంటులోంచి లాగౌట్ అయ్యి కిందికి పోయారు. అంగడి షట్టరు వేసినంత నిష్ఠగా చేసేవారు ఆ పని. పని అయ్యాక అకౌంటు తెరిచి పెట్టకూడదని నేర్పింది నేనే. లక్ష్మమ్మగారు గడప అవతల కూర్చొని చింతపండులో గింజలు తీస్తున్నారు. అరగంటకు, ఎవరూ ముట్టకుండానే, తెర నల్లబడింది. సర్వరు లోపలి ఫ్యాను శబ్దం ఆగింది. బొత్తాం నొక్కితే క్షణంలో లేచింది.

లాగ్ తెరిచాను. యంత్రం తను చేసిన పనులన్నీ టైముతో సహా రాసుకునే ఫైలు అది. రోజూ శెట్టిగారు లాగౌట్ అయిన అరగంటకు నిద్ర. నేను పెట్టిన సెట్టింగు ఆయన అకౌంటుకే వర్తిస్తుంది. ఆయన లాగౌట్ అయ్యాక మిగిలేది లాగిన్ తెర. దాని సెట్టింగులు వేరు, అందులో అరగంట ఖాళీగా ఉంటే నిద్ర అని ఉంది. అంగట్లోంచి జాబితా వాడుతున్నా దానికి పట్టదు, కీబోర్డు, మౌసు కదలకపోతే ఖాళీ కిందే లెక్క. ఆ తెరకూ నిద్ర మాన్పించి, ప్లాస్టరు పీకేశాను. శెట్టిగారిని పైకి పిలిచి, తల్లి ఎదుటే తప్పు నాదని చెప్పాను. ఆయన తలొంచుకొని, తెచ్చిపెట్టిన తాళాన్ని కిందికి తీసుకుపోయారు.

లక్ష్మమ్మగారు చేతిలో పని ఆపలేదు. "మిషను చెప్తే నమ్మితివి. నేను చెప్తే నమ్మకపోతివే నాయనా," అన్నారు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా, ఏ ఫిర్యాదుకు పోయినా యంత్రం ముట్టుకోకముందు ఇంట్లోవాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాను. అది తప్పని లాగ్ చూపిస్తే అప్పుడు కొట్టేసేవాణ్ణి. కొట్టేయాల్సి వచ్చింది తక్కువసార్లే.