ఎదుటి కుర్చీలో అత్త

చర్చిలో శిక్షణ జరిగిన పన్నెండు గురువారాల్లో ఒక్కటి కూడా తప్పని మా మేనత్త పేరును ఇన్‌స్పెక్టర్ గారు జాబితాలోంచి తీసేశారు. తీసేసిన సంగతి ఆమెకు చెప్పలేదు. ఆదివారం పూజలో ఫాదర్ గారు పేరు పెట్టి పిలుస్తుంటే ఒక్కొక్కరే పీఠం దగ్గరికి వెళ్లి, మెడలో చెక్క సిలువ వేయించుకుని, "వెళ్లండి, మిమ్మల్ని పంపుతున్నాను" అనిపించుకుని వస్తున్నారు. అత్త ముందురోజే ఇస్త్రీ చేసి పెట్టుకున్న తెల్లచీర కట్టుకుని, పిలవగానే లేవడానికి వీలుగా బల్ల చివర కూర్చుంది. పద్నాలుగు పేర్లు పిలిచారు. పదిహేనోది రాలేదు. పాట మొదలైంది. అత్త కూడా అందరితోపాటు లేచి పాడింది.

పూజ అయ్యాక బయట మెట్ల మీద ఇన్‌స్పెక్టర్ గారిని పట్టుకుంది. ఆయన బడుల ఇన్‌స్పెక్టరుగా రిటైరయి, చర్చిలో ఈ శిక్షణను నెత్తికెత్తుకున్న పెద్దమనిషి.

"నా పేరు మర్చిపోయారా సార్?"

"నిన్ను మర్చిపోవడమేంటమ్మా! వచ్చే బ్యాచ్‌కి అట్టేపెట్టాను. నువ్వు వెళ్లిపోతే వీళ్లకి అడ్డం తిరిగేదెవరు?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అత్త కూడా నవ్వింది. ఆ నవ్వు నేను చూశాను. ఆ తర్వాత ఎప్పుడు ఆయన ఎదురైనా పక్క సందులోకి తిరిగేవాణ్ని.

శిక్షణ సంగతి చెప్పాలి. ఫాదర్లూ సిస్టర్లూ ఎన్ని గడపలని ఎక్కుతారు, ఇకమీదట మామూలు కతోలికులే తమ విశ్వాసాన్ని ఇరుగుపొరుగుతో పంచుకోవాలని పైనుంచి ఉత్తరం వచ్చింది. దాంతో చర్చి వెనక, ముక్కు విరిగిన స్వరూపాలూ పాత కొవ్వొత్తుల పెట్టెలూ పడేసే గదిలో తరగతులు మొదలయ్యాయి. రెండు కుర్చీలు ఎదురెదురుగా వేస్తారు. ఒకదాంట్లో కూర్చున్నవాళ్లు మూడు నిమిషాల్లో తమ కథ చెప్పాలి. ముందు ఎలా ఉండేవాళ్లు, దేవుడు ఎలా తారసపడ్డాడు, ఆ తర్వాత ఎలా మారారు. ఎదుటి కుర్చీలో ఉన్నవాళ్లు నమ్మని మనిషిలా నటించి అడ్డు ప్రశ్నలు వేయాలి. ఇన్‌స్పెక్టర్ గారు చేతి గడియారం చూస్తూ నిలబడతారు.

మొదటి వారం ఎదుటి కుర్చీ ఎవరికీ చేతకాలేదు. ఉత్తుత్తికైనా దేవుడికి ఎదురు మాట్లాడటానికి జంకారు. దర్జీ గారి భార్య అయితే అవతలివాళ్లు నోరు తెరవగానే "ఔనండీ, నేను రేపే వచ్చి చేరతాను" అనేసింది. అప్పుడు అత్త కూర్చుంది.

"నా పాపకి జ్వరమొస్తే తొమ్మిది రోజులు మోకాళ్ల మీద నవదిన ప్రార్థన చేశాను. తొమ్మిదో రోజే పోయింది. మీ దేవుడు రోజులు లెక్కపెట్టుకుని మరీ తీసుకెళ్లాడా?"

ఎదురుగా ఉన్న బ్యాంకు గుమాస్తా కళ్లజోడు తుడుచుకున్నాడట. ఇన్‌స్పెక్టర్ గారు మాత్రం "భేష్! ఇదీ ప్రశ్నంటే!" అని నోటు పుస్తకంలో రాసుకున్నారు.

పాప పోయిన మాట నిజం. అత్త కూతురు, ఆరేళ్లది. కానీ ఆ ప్రశ్న అత్తది కాదు, మా నాన్నది. అత్త మొగుడు అప్పటికే ఇల్లు వదిలి పోవడంతో చిన్న శవపేటికను నాన్నే భుజాన మోశాడు. గుంట దగ్గర అప్పటి ఫాదర్ గారు "దేవుడి తోటకి ఒక పువ్వు కావాల్సి వచ్చింది" అన్నారు. "ఆయన తోటలో పూలకి కరువొచ్చిందా?" అని నాన్న అక్కడే, అందరి ముందూ అడిగాడు. చేతులు దులుపుకుని వచ్చేశాడు. మళ్లీ చర్చి గడప తొక్కలేదు. లారీలకు రంగులు వేసేవాడు. సాయంత్రం అత్త వస్తే ఒంటిమీది రంగు కిరసనాయిలుతో తుడుచుకుంటూ ఆమెను ప్రశ్నలతో పొడిచేవాడు. ఆమె దగ్గర జవాబుండేది కాదు. జవాబు నేర్చుకుని అన్నను తిరిగి తెచ్చుకోవాలనే ఆమె ఆ తరగతుల్లో చేరింది. అక్కడ అన్న మాటలే అన్న గొంతుతో అడిగేది, ఎవరైనా సరైన మాట చెబుతారేమోనని.

"మరి ఆ నేర్చుకున్నదేదో నాన్నకి చెప్పెయ్యొచ్చుగా. నీ అన్నతో మాట్లాడటానికి నీకొకరి పర్మిషనా?" అని నేనే ఓసారి అన్నాను.

"నీకు తెలీదురా అల్లుడూ. పంపకుండా పోకూడదు. తెలిసీ తెలియక ఒక్క మాట జారితే ఆ తలుపు ఇక తెరుచుకోదంట. మీ నాన్నకి ఉన్నది ఒక్క తలుపే."

ఆమె అప్పటికి పాతికేళ్లుగా ఆసుపత్రి లాండ్రీలో పనిచేస్తోంది. అక్కడ చీటీ లేనిదే బండి కదలదు. వార్డు నుంచి వచ్చిన దుప్పట్లను రక్తం, చీము, మందు మరకలుగా విడదీసి, నంబరు చూసి, చీటీ మీద సంతకం పెట్టాకే మరిగే తొట్టిలో వేస్తారు. పంపడమంటే ఏమిటో ఆమెకు తెలిసినంతగా ఆ ఇన్‌స్పెక్టరుకు తెలియదు.

అలా నాలుగేళ్లు. ఏటా ఒక బ్యాచ్, ఏటా అదే కుర్చీ. అందరూ ఆమెను తోమమ్మ అని పిలవడం మొదలుపెట్టారు, ఏసు గాయంలో వేలు పెడితే గానీ నమ్మనన్న శిష్యుడు తోమా పేరుమీద. ఆమె ప్రశ్నల్ని ఇన్‌స్పెక్టర్ గారు నంబర్లు వేసి, కింద జవాబులు రాసి, జిరాక్సు తీయించి పంచారు. అవి బట్టీపట్టి ముప్పై నలభై మంది సిలువలు వేయించుకుని వెళ్లారు. అడిగీ అడిగీ అత్తకు ఆ ప్రశ్నలు నిద్రలో లేపినా వచ్చేసేవి. జవాబులు వినేది గానీ ఒక్కసారైనా తన నోటితో చెప్పే వంతు రాలేదు.

నాలుగో ఏడు నాన్న మంచం పట్టాడు. ముప్పై ఏళ్లు పీల్చిన రంగు ఊపిరితిత్తుల్లో గడ్డకట్టిందన్నారు డాక్టర్లు. నెలా, రెండు నెలలా అన్నారు. అత్త ఇన్‌స్పెక్టర్ గారింటికి వెళ్లింది.

"సార్, ఈ ఒక్కసారి నన్ను పంపండి. మా అన్న దగ్గరికి. ఇంకెవరి దగ్గరికీ పంపకపోయినా ఫర్లేదు."

"సొంతవాళ్ల దగ్గరికి వెళ్తే ఏడుస్తావమ్మా. ఏడ్చేవాళ్ల మాట ఎవరూ వినరు. మంచి వాళ్లని నేను పంపుతాగా."

పంపారు. బ్యాంకు గుమాస్తా, దర్జీ గారి భార్య. అత్త నాన్న తల దగ్గర నిలబడింది. గుమాస్తా తన మూడు నిమిషాలూ గుక్కతిప్పుకోకుండా చెప్పాడు. నాన్న ఓపిగ్గానే విన్నాడు. తర్వాత దగ్గుకుంటూ, పాపకు జ్వరం వచ్చిన తొమ్మిది రోజుల సంగతి అడిగాడు.

గుమాస్తా ముఖం వెలిగింది. "ఇది నాలుగో ప్రశ్నండీ!" అన్నాడు, పరీక్షలో చదివిందే వచ్చిన కుర్రాడిలా. సంచీలోంచి కాగితం తీశాడు.

నాన్న ఆ కాగితం లాక్కుని చదివాడు. ఒకటి, రెండు, మూడు. అన్నీ తన మాటలే. తల తిప్పి చెల్లెల్ని చూశాడు.

"పాప చావుకి నంబరు వేయించావా?"

దర్జీ గారి భార్య లేచి చెప్పులు వెతుక్కుంది. వాళ్లు వెళ్లాక కూడా ఆ కాగితం దుప్పటి మీదే ఉంది. అమ్మ తీసి పొయ్యిలో పెట్టింది.

అత్త రావడం మానలేదు. డ్యూటీ దిగగానే వచ్చి నాన్నకు జావ పట్టేది, పక్కబట్టలు మార్చేది. ఆసుపత్రి పద్ధతిలో, మనిషిని లేపకుండానే పక్కకు దొర్లించి దుప్పటి మార్చడం ఆమెకు వచ్చు. దేవుడి ఊసెత్తేది కాదు. నాన్న కూడా ఆ కాగితం మాట ఎత్తలేదు.

పదిహేను రోజుల తర్వాత ఒక మధ్యాహ్నం. నేను గుమ్మంలో కూర్చుని ఉన్నాను. నాన్న గొంతు అప్పటికి పిట్ట గొంతైపోయింది.

"వాళ్లని వదిలెయ్యవే. నువ్వు చెప్పు. పాప ఎక్కడైనా ఉందంటావా?"

పాప పోయాక పన్నెండేళ్లలో మొదటిసారి ఆయన వాదించడానికి కాకుండా తెలుసుకోవడానికి అడిగాడు. అది నాకే అర్థమైంది, ఆమెకు అర్థం కాకుండా ఉంటుందా. స్పూను గిన్నెలో పెట్టేసింది. నాన్న ముఖం మీదికి వంగింది. నోరు తెరిచింది.

"తొమ్మిది రోజులు మోకాళ్ల మీద..." అంది.

అక్కడ ఆగింది. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. నాన్న ఇంకా ఆమె వైపే చూస్తున్నాడు. ఆమె మళ్లీ ప్రయత్నించింది. "రోజులు లెక్కపెట్టుకుని మరీ..." అని వచ్చింది. నాలుగేళ్లు నూరిన నోరు ఆ దారినే పోయింది. వేరే దారి దానికి తెలియదు.

నాన్న కాసేపు ఎదురుచూశాడు. తర్వాత మెల్లగా గోడవైపు తిరిగాడు.

"నేనూ అదే అనుకున్నానే," అన్నాడు.

ఆ తర్వాత మూడో రోజున పోయాడు. ఆ మధ్యలో ఎవరినీ ఏమీ అడగలేదు.

ఆ ఏడాది జాబితాలో అత్త పేరు మొట్టమొదట ఉంది. ఇన్‌స్పెక్టర్ గారికి జాలి కలిగిందో, ఫాదర్ గారే చెప్పారో. పేరు పిలిచారు. అత్త లేవలేదు. రెండోసారి పిలిచారు. పక్కావిడ మోచేత్తో పొడిచింది. అత్త తలవంచుకుని చేతుల్లోని జపమాల చూసుకుంటూ కూర్చుంది. ఫాదర్ గారు రెండో పేరుకు వెళ్లిపోయారు.

నాకు వేరే ఊళ్లో గోడౌన్‌లో పని దొరికాక చెప్పి వెళ్దామని లాండ్రీకి వెళ్లాను. ఆమెను చూడటం అదే ఆఖరు. ఆవిరికి గోడలు చెమటలు కారుతున్నాయి. అత్త తడి దుప్పట్లు విదిలించి తీగ మీద ఆరేస్తోంది. మోచేతుల దాకా చర్మం నాని తెల్లబడింది.

"ఇంకా పోతున్నావా ఆ చర్చికి?" అన్నాను. కుశలం అడగాల్సిన చోట అదే వచ్చింది నాకు.

"పోతున్నా."

"గురువారాలు?"

"కుర్చీలో ఇంకొకామె కూర్చుంటోంది. బాగానే అడుగుతుందంట."

దుప్పటి అవతలి కొస నాకందించింది. ఇద్దరం లాగి మడత లేకుండా తీగ మీద వేశాం. అప్పుడు నా వైపు చూడకుండా అంది:

"అంత పెద్ద జవాబేం కాదురా అది. 'ఉంది అన్నయ్యా', అంతే. పొద్దుట్నుంచి ఇక్కడ బట్టలారేస్తూ వందసార్లు అంటాను, ఒక్కసారి కూడా తడబడను. ఆ రోజే రాలేదు."