ఏరాలి వేలి ఉంగరం

మా మరిది దుబాయి నుంచి రెండు ఉంగరాలు పట్టుకొచ్చిన నాడు బస్సు ఒక్కటీ తిరగడం లేదు. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తోంది. హైదరాబాద్‌లో విమానం దిగి, దొరికిన జీపు ఎక్కి జగిత్యాల దాకా వచ్చాడు. అక్కడ జనం రోడ్డుకు అడ్డంగా కూర్చుని ఉంటే, జీపువాడు ఇక నా వల్ల కాదని దింపేశాడట. సూట్‌కేసు నెత్తిన పెట్టుకొని కొంత నడిచి, తర్వాత ఎవరిదో ట్రాక్టర్ పట్టుకొని, దుమ్ము కొట్టుకుపోయిన మొహంతో కోరుట్లలో మా ఇంటి ముందు దిగాడు. నేను వరండాలో ఒళ్ళో చాట పెట్టుకొని బీడీలు చుడుతున్నాను. నా ఏరాలు లోపల తల దువ్వుకుంటోంది.

తోడికోడలిని మా దిక్కు ఏరాలు అంటారు. ఆమెది సిరిసిల్ల. వాళ్ళ నాన్న సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేసేవాడు. అంత లేమిలోనూ బిడ్డను ఇంటర్ దాకా చదివించాడు. మా ఇంటికి వచ్చాక ఆమె ఒక ప్రైవేటు బడిలో చిన్నపిల్లలకు పాఠాలు చెప్పేది. నాది బీర్‌పూర్. ఏడో తరగతితో చదువు ఆగింది, అప్పటి నుంచి బీడీలే. ఆమె చెడ్డదైతే నాకు ఇంత కష్టం ఉండేది కాదు. మంచిదే. పనిలో చేయి వేసేది, అక్కా అక్కా అని తిరిగేది. కానీ ఆమె బడి నుంచి వచ్చే వేళకు మా అత్త పొయ్యి మీద ఛాయ్ వేడిగా ఉంచేది. పొద్దంతా ఇంట్లోనే వంగి కూర్చున్న నాకు మాత్రం, మిగిలితే పోసేది. ఆమె చేతులకు అంటేది సుద్దపొడి, ఒక్క చెంబు నీళ్ళతో పోతుంది. నా చేతుల తంబాకు వాసన సబ్బుతో రుద్దినా పోదు. అన్నం కలుపుకునేటప్పుడు ఆ వాసన నాకే ముందు తగిలేది.

మా ఆయనా, మరిదీ దుబాయిలో ఒకే ఇంట్లో పనిచేసేవారు. మా ఆయన వంట చేసేవాడు, మరిది కారు నడిపేవాడు. ఆ ఇంటి యజమానురాలు ఫ్రాన్సు దేశపు ముసలామె. ఆమెకు ఉంగరాలంటే ప్రాణం. వాళ్ళ దేశంలో రాజుల కాలం నుంచి నగలు చేసే కంపెనీ ఒకటుందట, దాని దుకాణం దుబాయిలోనూ ఉంది. కొన్నా కొనకున్నా నెలకోసారి అక్కడికి పోయి కూర్చునేదట. ఇక తన దేశానికే పోయి ఉండిపోదామనుకున్నాక, ఆమె ఈ అన్నదమ్ములిద్దరినీ ఆ దుకాణానికి తీసుకుపోయింది. ఇన్నేళ్ళు నన్ను చూసుకున్నారు, మీ భార్యలకు చెరో ఉంగరం మీరే ఎంచుకోండి, నేను కొనిస్తాను అన్నదట.

మరిది కాళ్ళు కడుక్కొని వచ్చి, వరండాలో మా ముందర కూర్చుని ఈ కథంతా చెప్పాడు.

"దుకాణమంటే దుకాణం గాదు వదినె. లోపట చప్పుడుండది. గల్లాపెట్టె గూడ కండ్లవడది. కుర్సీలేసి, మనకు గూడ కాఫీ ఇచ్చిన్రు. ఒకదిక్కు అన్ని కొత్తయి. ఇంకోదిక్కు పాతయి, ఎన్నడో వాళ్ళే చేసినయి. అమ్ముకునేటోళ్ళ దగ్గర మల్ల వాళ్ళే కొని, సాఫ్ జేసి, కాయితం రాసిచ్చి అమ్ముతరు."

రెండు పెట్టెలు తీశాడు. ఒకటి నా ఏరాలి చేతిలో పెట్టాడు. మూత తెరవగానే మా అత్త "అబ్బ" అన్నది. కొత్త ఉంగరం. పైన తెల్లరాయి, నాలుగు కొక్కేలు దాన్ని ఎత్తి పట్టుకున్నాయి. వరండాలోకి పడే కాస్త ఎండకే అది గోడ మీద చుక్కలు వేసింది.

రెండోది నాకిచ్చాడు. బంగారం రంగు కొద్దిగా మాగింది. పట్టీలా వెడల్పుగా, చదునుగా ఉంది. చిన్న చిన్న నీలంరాళ్ళు బంగారంలోకే దిగబడి ఉన్నాయి, వేలితో తడిమితే ఎత్తుపల్లం తెలియదు. అది మెరవదు. దగ్గరికి పెట్టుకొని చూస్తే ఆ నీలం లోతుగా కనబడుతుంది.

"గిది పాతదా?" అన్నాను.

"అన్ననే ఏరిండు వదినె..."

మరిది ఇంకేదో చెప్పబోయాడు. మా అత్త అందుకుంది. "ఎవలో ఏసుకున్న ఉంగరమారా? సచ్చినోళ్ళదో ఏమో! పెద్దకోడలికి గిదేనా దొరికింది వానికి?"

ఆమె నా వైపు నిలబడి మాట్లాడడం అదే మొదటిసారి. ఆ మాటే నన్ను ముంచింది. అప్పటిదాకా నాకు కొంచెం చిన్నతనంగా ఉంది, అంతే. ఇప్పుడు కడుపులో నిప్పు పడింది. ఎదురుగా నా ఏరాలు చెయ్యి ముందుకు చాపి, వేళ్ళు విడదీసి చూసుకుంటోంది.

సాయంత్రం మా ఆయన ఫోన్ చేశాడు.

"ముట్టిందా?" అన్నాడు. గొంతులో సంతోషం.

"ముట్టింది. ఆమెకు కొత్తది, నాకు ఇడిసిపెట్టినదా?"

"ఇడిసిపెట్టినదేందే? నేను మంచిగ చూసి..."

"ఏం చూసినవో కనవడుతనే ఉన్నది. చిన్నోళ్ళకైతే మెరిసేది గావాలె. బీడీలు జేసేదానికి ఏదైతేంది!"

"నన్ను జెప్పనియ్యరాదు," అన్నాడు. నేను ఫోన్ మా అత్త చేతిలో పెట్టి వచ్చేశాను.

సమ్మెతో బడి మూతపడింది కాబట్టి నా ఏరాలు రోజంతా ఇంట్లోనే ఉండేది. నీళ్ళు తోడినా, బియ్యం ఏరినా, ఆ తెల్లరాయి నా కళ్ళలో గుచ్చుకునేది. నేను నా ఉంగరం పెట్టెలోంచి తీయలేదు. రెండు మూడు రోజులకు ఆమే వచ్చి నా పక్కన కూర్చుంది.

"అక్కా, నీకు గీ కొత్తది మనసయితే తీస్కో. నేను పాతదే ఏసుకుంట."

"నిజంగనా?"

"నిజంగనే. నాకు గదే నచ్చింది."

మారు మాట రాకముందే మార్చుకున్నాం. కొత్తది నా వేలికి బిగుతుగా ఉన్నా, తడిచేసి ఎక్కించాను. ఆమెకు పాతది వదులైంది. లోపల తెల్లదారం చుట్టి, జారకుండా చేసుకొని పెట్టుకుంది. నేను ఆ పూట వాడంతా తిరిగి వచ్చాను, చింతపండు కావాలని ఒక ఇంటికి, జల్లెడ కావాలని ఇంకో ఇంటికి.

కానీ మర్నాడు చాట ముందు కూర్చోగానే తెలిసింది. తునికాకు చుడుతుంటే రాయి కొక్కెం ఆకును చీల్చేస్తోంది. దారం కడుతుంటే దారం పట్టుకుంటోంది. ఆ వారం నేను తీసుకుపోయిన బీడీల్లో చాలావాటిని కార్ఖానాలో పక్కకు పారేశారు. ఇక ఉంగరం తీసి డబ్బాలో పెట్టక తప్పలేదు. పని లేనప్పుడు పెట్టుకుందాం అనుకుంటే, బీడీలు చుట్టే ఆడదానికి పని లేని పూట ఏది?

అవతల ఆమె వేలికి పాతది అతుక్కుపోయినట్టే ఉండేది. వంట చేసినా తీయదు, బట్టలు ఉతికినా తీయదు. బతుకమ్మ ఆడేటప్పుడు చప్పట్లు కొడుతుంటే ఆ నీలం ఒక్కోసారి లోపలి నుంచి వెలిగేది. పక్కన ఆడేవాళ్ళు ఆమె చెయ్యి పట్టుకొని చూసేవాళ్ళు. "గిసొంటిది యాడ జూడలే" అనేవాళ్ళు. పండుగని నేను డబ్బాలోంచి తీసి పెట్టుకున్నదాన్ని చూసి మాత్రం, ఒకామె "మొన్న తీర్థంల నేను గూడ గిట్లనే మెరిసేది కొన్న" అన్నది. నాకు ఏడుపొచ్చింది. అంత సులువుగా నాకు కొత్తది ఎందుకిచ్చింది? దీని సంగతి ఆమెకు ముందే తెలుసా? నన్ను మోసం చేసిందా? రోజూ ఇదే ఆలోచన. ఆమె నవ్వితే నన్ను చూసే నవ్విందనిపించేది.

దసరా దాటాక ఒకరోజు సమ్మెవాళ్ళు పెద్దరోడ్డు మీద వంటావార్పు పెట్టారు. రోడ్డు నడుమ రాళ్ళ పొయ్యిలు, గంజులు, గులాబీ కండువాలు, మైకులో పాటలు. మా వాడ ఆడవాళ్ళం జొన్నరొట్టెల పని పట్టుకున్నాం. నేను కొత్త ఉంగరం పెట్టుకొనే పోయాను. పిండిలో చెయ్యి పెట్టకుండా పొయ్యి దగ్గర కూర్చున్నాను. ఆమె చేతులు మోచేతి దాకా పిండిలో ముంచి రొట్టెలు కొడుతోంది, ఉంగరం వేలికే ఉంది. ఒక టీచరమ్మ, సమ్మెలో అందరికంటే ముందుండే మనిషి, వంగి చూసింది.

"అరే, గీ ఉంగరం ఎక్కడిదమ్మా? ఎంత మంచిగున్నది!"

"మా ఇంట్ల నుంచి తెచ్చిన్రు," అన్నది నా ఏరాలు, తల వంచుకొని.

"అది నాది!" అన్నాను.

అనుకోలేదు, నోట్లోంచి వచ్చేసింది. అందరూ తిరిగి చూశారు. ఆ టీచరమ్మ నా మొహం చూసి, ఆమె మొహం చూసి, నెమ్మదిగా పక్కకు పోయింది.

నా ఏరాలు చేతులు పిండిలోంచి తీసింది. ఇస్తుందనుకున్నాను. ఇవ్వలేదు.

"నీదెట్లయితదక్కా? నీకొద్దంటెనే గద నాకచ్చింది."

"నువ్వు ఎరికుండే మార్చినవ్. గిది మంచిదని నీకు తెల్సు."

"మంచిదో చెడ్డదో నాకేం ఎరుక? నాకు తెల్సింది ఒక్కటే." చేతుల పిండి దులుపుకుంది. "నీ మరిది చెప్పిండు. బావ గా దుకాణంల ఉన్న ఉంగరాలన్నీ చూసిండట. ఒక్కోదాన్ని వట్టి, బీడీ చుట్టినట్టు వేళ్ళు తిప్పి చూసిండట. మా ఇంటామెకు ఆకు తట్టద్దు, దారం తట్టద్దు, గసొంటిది ఇయ్యున్రి అన్నడట. గా దుకాణపోళ్ళు నవ్విన్రట. అయినా కూసున్నడట. మరి నా మొగడేం జేసిండు తెల్సా? ముందుగాల్ల కండ్లవడ్డది తీస్కొని, బయటికచ్చి కార్ల కూసున్నడు. గది గూడ నవ్వుకుంటనే చెప్పిండు నాకు."

పొయ్యి మీద రొట్టె మాడిపోతోంది. ఎవరూ తిప్పడం లేదు.

"ఒక్కనాడన్న," అన్నది ఆమె, "ఏరి తెచ్చిన దాన్ని నేనేసుకుందామనుకున్న. గంతే."

ఆమెకు నా మీద కుళ్ళు ఉంటుందని నాకెన్నడూ తట్టలేదు. వేడి ఛాయ్ తాగే మనిషి, బడిపంతులమ్మ, ఆమెకు నా దగ్గర ఏముందని? ఉందని తెలిశాక జాలి రావాలి. రాలేదు. మా ఆయన ఆ దుకాణంలో గాలిలో బీడీలు చుట్టి చూస్తున్న దృశ్యం నా కంటే ముందు ఆమెకు తెలియడమే నన్ను కాల్చింది. నాకు చెందిన ముచ్చట ఆమె ఇన్ని రోజులు తన దగ్గర దాచుకుంది.

"ఉంచుకో," అన్నాను. ఇంకేదైనా అంటే ఏడ్చేదాన్ని.

ఆమె నిజంగానే ఉంచుకుంది. మరిది సెలవు అయిపోయి వెళ్ళిపోయాడు, సమ్మె ముగిసింది, బస్సులు తిరిగాయి. మేమిద్దరం మాట్లాడుకునేవాళ్ళం, కూరలో ఉప్పు గురించి, నల్లా నీళ్ళ గురించి.

మా ఆయన వచ్చింది తెలంగాణ ఇస్తున్నామని ఢిల్లీలో అన్న తర్వాత. ఆ ముసలామె ఎప్పుడో తన దేశానికి వెళ్ళిపోయింది. ఈయన వేరే ఇంట్లో చేరాడు, అక్కడ సెలవు దొరికే దాకా ఆగాల్సి వచ్చింది. అన్నం పెడుతున్న తమ్ముడి భార్య చెయ్యి చూశాడు. తిన్నాక నా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు.

"గా ఉంగరం ఆమె కాడికెట్ల పోయింది?"

మొత్తం చెప్పాను. రోడ్డు మీద ఆమె అన్న మాట కూడా చెప్పాను. విన్నాడు.

"నేను నీకోసం గంత సేపు కూసున్నది ఆమెకు సమజయింది. నీకు గాలె," అన్నాడు.

"గప్పుడే ఫోన్ల చెప్తే ఏమైతుండె?"

"చెప్పనిచ్చినవా నువ్వు?"

ఆమెను తిరిగి ఇయ్యమని అడుగు అన్నాను. తమ్ముని పెండ్లాన్ని నేనెట్ల అడుగుత, ఇచ్చిన దాన్ని ఎవలన్న అడుగుతరా అన్నాడు. నా కొత్త ఉంగరం తీసుకొని, రాయి కిందికి దించి పెట్టమని కంసాలి పని చేసే అవుసులాయన దగ్గరికి పోయాడు. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, ఇంత సన్నపు పనితనం మీద నేను చెయ్యి పెట్టనని తిరిగి ఇచ్చేశాడట.

ఆ మధ్యాహ్నం నేను చాట ముందేసుకొని ఉంగరం తీయబోతుంటే మా ఆయన ఆపాడు.

"ఉండనీ. నువ్వు మెల్లగ చుట్టు, తొందరేం లేదు. ఆకు నేను కత్తిరిస్త, దారం నేను కడ్త."

కత్తెర తీసుకొని నా ఎదురుగా కూర్చున్నాడు. వంటవాడి చేతులు. ఆకు అచ్చు మీద పెట్టి కోస్తే అంచు వంకర పోతోంది. మగాడు బీడీల ముందు కూర్చున్నాడని ఎదురింటివాళ్ళు నవ్వారు. ఆయన పట్టించుకోలేదు. నేను వేలు పైకెత్తి, కొక్కెం తగలకుండా, మెల్లగా చుడుతున్నాను.

అప్పుడే నా ఏరాలు బడి నుంచి వచ్చింది. గుమ్మంలో ఆగింది. మరిది దుబాయిలోనే ఉన్నాడు, ఇంకో రెండేళ్ళకు గానీ రానన్నాడు. ఆమె నా వేలినీ చూడలేదు, ఉంగరాన్నీ చూడలేదు. మా ఆయన చేతిలో కత్తెర వైపు చూస్తోంది. ఆ చూపు ఎలాంటిదో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

కడుపు చల్లబడింది. అబద్ధమెందుకు, చాలా రోజులకు చల్లబడింది.

"చెల్లె, ఛాయ్ తాగుతవా?" అన్నాను.

"ఒద్దక్కా," అని లోపలికి పోయి తలుపు దగ్గరికి వేసుకుంది.