తోమాస్ చూసుకున్న కొత్త గుర్తులు

ముందుగా రుజువున్నదాన్నీ విన్నదాన్నీ వేరు చేస్తాను. ఆ రెండూ కలిసిపోయిన చోటే ఇలాంటి కథలు పుడతాయని నా అభిప్రాయం.

తోమాస్ అనే నలభై ఒక్కేళ్ళ ఎలక్ట్రీషియన్ ఒక శనివారం ఉదయం ఆస్ట్రేలియాలో బ్రిస్బేన్ పక్కనున్న మోర్టన్ బే అనే అఖాతంలోకి ఒంటరిగా చేపలకు వెళ్ళి తిరిగి రాలేదు. మర్నాడు అతని అల్యూమినియం పడవ దక్షిణాన మడచెట్ల మధ్య ఖాళీగా దొరికింది. లైఫ్ జాకెట్ పడవలో లేదు. శరీరం ఎన్నటికీ దొరకలేదు. ఇదంతా కరోనర్, అంటే ఇలాంటి మరణాలను విచారించే అధికారి, నివేదికలో ఉంది, నేను చదివాను. అతని తండ్రి పేరు మనోలో, బ్రిస్బేన్ శివారు సన్నీబ్యాంక్‌లో మా పక్కింటి మనిషి. ఇదీ నిజమే.

మనోలో పుట్టిన ఊరి గురించి, అక్కడి ఆచారాల గురించి నేను రాసేది మాత్రం ఆయన నోట విన్నది. ఆ ఊరు నేను చూడలేదు.

నేను దయ్యాలను ఎప్పుడూ నమ్మలేదు. మాది బందరు. ఉప్పెనలో పోయినవాళ్ళు కనబడ్డారన్న కథలు వింటూ పెరిగాను, కనబడ్డవాడు ఎప్పుడూ కథ చెప్పేవాడి బావమరిదికో మేనమామకో మాత్రమే కనబడేవాడు. నా ఉద్యోగం సముద్రపు అడుగు లోతులు కొలిచి చార్టులు తయారుచేయడం. అంకె ఎక్కడినుంచి వచ్చిందో తెలియకపోతే దాన్ని చార్టు మీదికి ఎక్కనివ్వం.

మనోలో ఊరు స్పెయిన్ వాయవ్య మూలన, అట్లాంటిక్ ఒడ్డున ఉంది. ఆ తీరాన్ని మృత్యుతీరం అంటారు. మగవాళ్ళు సార్డీన్లకూ ఆక్టోపస్‌లకూ వెళ్ళేవారట, ఆడవాళ్ళు ఒడ్డున కూర్చుని వలలు బాగుచేసేవారట. పొగమంచు దిగితే ఎవరో ఒకరు బండ మీదికెక్కి పెద్ద శంఖం ఊదేవారు. పడవలు ఆ శబ్దాన్ని పట్టుకుని ఇల్లు చేరేవి. జూలైలో, సముద్రం మీదికి పోయేవాళ్ళను కాపాడే కార్మెన్ మాత పండుగనాడు విగ్రహాన్ని పడవెక్కించి, మునిగిపోయినవాళ్ళ కోసం నీళ్ళ మీద పూలచక్రాలు వదిలేవారు.

ఆ ఊళ్ళో దానికొక నియమం ఉండేదట. శరీరం దొరకనివాడికి పూలచక్రం అతను పోయిన చోటే వదలాలి. చోటు తెలియకపోతే వదలకూడదు. తెలిసేదాకా ఆ ఇల్లు ఎదురుచూడాల్సిందే. ఈ సంగతి జరిగేనాటికి తోమాస్‌కు ఆరేళ్ళుగా పూలచక్రం లేదు. మనోలో భార్య ఆ ఎదురుచూపులోనే పోయింది. మనోలోకు ఎనభై నాలుగు. ఆ ఒక్క పని ముగించి పోవాలన్నదే ఆయన కోరిక.

చోటును వాళ్ళు గుర్తులతో పట్టుకుంటారు. దూరాన ఒక కొండ, దాని ముందు ఒడ్డున ఒక చర్చి గోపురం. అవి ఒకదాని వెనక ఒకటి సరిగ్గా నిలబడితే పడవ ఒక గీత మీద ఉన్నట్టు. మరో దిక్కున అలాంటిదే మరో జత. రెండు గీతలు కలిసిన చోట వల దించుతారు. మా గిలకలదిండి వైపు కూడా లైట్‌హౌసునీ తాడితోపుల్నీ పెట్టుకుని ఈ పని చేసే పెద్దవాళ్ళుండేవారు, కాబట్టి నాకు కొత్తగా అనిపించలేదు. గుర్తుల్లో ఒకటి కూలిపోతే బెస్తవాడు కొత్తది చూసుకుంటాడు.

ఆ గుర్తులు ఇంటి ఆస్తి. తండ్రి కొడుకు చెవిలో చెబుతాడు, కాగితం మీద పెట్టడు. బయటివాడు అడగడం అమర్యాద. అయినా అడిగితే నవ్వుతూ తప్పు చోటు చెప్పడమే మర్యాద. మనోలో యువకుడిగా చెరుకు కోతకు ఇక్కడి క్వీన్స్‌ల్యాండ్ రాష్ట్రానికి వచ్చాడు, తర్వాత ఫ్యాక్టరీలో చేరాడు. మోర్టన్ బేలో తనకంటూ ఒక చోటు కనిపెట్టుకుని, దాన్ని తోమాస్‌కు మాత్రమే చెప్పాడు. నేను ఎన్నిసార్లు మాట కదిపినా ఒకటే జవాబు.

"నీ యంత్రం లోతు చెబుతుంది ఇంజనీరూ. చేప ఉందో లేదో చెబుతుందా? చెప్పదు. ఇంటికెళ్ళి మీ కారం కూర తిను."

ఆయనకు చూపు మధ్యభాగం పోయింది. తోమాస్ పోయిన రెండో ఏడాదికల్లా డ్రైవింగ్ లైసెన్సు అప్పజెప్పేశాడు. వినికిడి కూడా తగ్గింది. ఊళ్ళో ఉన్న అక్క పిలార్‌తో ప్రతి ఆదివారం ఫోన్లో మాట్లాడి, ఒకసారి వింటే అందదని ఆ కాల్‌ను రికార్డు చేసుకుని మళ్ళీ వినేవాడు. ఆ ఏర్పాటు చేసిపెట్టింది నేనే.

మూడేళ్ళ క్రితం జూలైలో, పండుగ దగ్గరపడిన ఒక ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు ఆయన పక్కనే ఉన్నాను. స్పెయిన్‌లో అప్పుడు ఉదయం ఎనిమిది. పిలార్‌కు తొంభై దాటాయి, చూపు పూర్తిగా లేదు, ఆస్ట్రేలియాకు ఎన్నడూ రాలేదు. ఆమె ఏదో నెమ్మదిగా, సరుకుల జాబితా చదువుతున్నట్టు చెప్పింది. మనోలో మొహం పాలిపోయింది. పెన్ను తీసుకొమ్మని నాకు చెయ్యి చూపించాడు.

ఆమె చెప్పింది, మనోలో ఇంగ్లీషులోకి మారుస్తుంటే నేను రాసుకున్నది ఇది. తెల్లవారుజామున తోమాస్ వచ్చి వంటింట్లో కూర్చున్నాడు. ఒళ్ళంతా తడి. పాతది కూలిపోయిందనీ, కొత్తవి చూసుకున్నాననీ, వాటిని నాన్నకు చెప్పమనీ అన్నాడు. రెండు తలల కొండ ఎడమ తల కిందికి ఎరుపు తెలుపు పట్టీల స్తంభం రావాలి. తూర్పున ఇసుక కొండ మీది తెల్ల మచ్చ కిందికి, మునిగిన ఓడల వరుసలో ఉత్తరంనుంచి మూడోది రావాలి.

మనోలో చేసిన అనువాదాన్నే నమ్మి నేను ఊరుకోలేదు. ఆ రికార్డింగును తర్వాత, సంగతేమీ చెప్పకుండా, మరో నగరంలో ఉన్న ఒక దుబాసీకి పంపాను. ఆయన రాసిచ్చింది నా కాగితం మీద ఉన్నదానితో సరిపోయింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర నస్రీన్‌కు చెప్పాను. మా ఆవిడ నర్సు, ఇలాంటివి చాలా విని ఉంది.

"పెద్దావిడ కల కని ఉంటుందిలెండి. మా వార్డులో రోజుకి ముగ్గురికి వస్తారు చచ్చిపోయిన చుట్టాలు. టీ కూడా అడుగుతారు," అంది.

నాకూ అలాగే అనిపించింది. ఇసుక దీవి పక్కన మునిగిన ఓడలు టూరిస్టు ఫోటోలన్నిటిలో ఉంటాయి. కొండల సంగతి ఆమెకు మేనల్లుడో తమ్ముడో ఎప్పుడో చెప్పి ఉండొచ్చు. అయినా చార్టు తీసి గీతలు గీశాను. పిచ్చిమాటలైతే గీతలు నేల మీదో, ఎక్కడా కలవకుండానో పోవాలి. అవి నీళ్ళలో, దాదాపు లంబంగా కలిశాయి. పాత సర్వే పత్రంలో ఆ చోట తొమ్మిది మీటర్ల లోతున చిన్న రాతి గుట్ట ఉంది. చేపలు చేరే చోటు.

మర్నాడు ఆ సంగతి చెబితే మనోలో సంతోషించలేదు. తలుపు వేసిరమ్మని, కూర్చోమన్నాడు. తర్వాత ఆరేళ్ళుగా ఎవరికీ చెప్పని మాట చెప్పాడు.

తోమాస్ సాయంత్రానికి రాకపోయేసరికి రేవులో ఒక అధికారి ఆయన్ని, మీరు మామూలుగా ఎక్కడ పడతారని అడిగాడు. పక్కన వేరే పడవలవాళ్ళు ఇద్దరు నిలబడి వింటున్నారు. మనోలో పెద్ద ఓడలు పోయే కాలువ పక్కన, ఉత్తరాన అని చెప్పాడు. అది అబద్ధం.

"ఆలోచించి చెప్పలేదు ఇంజనీరూ. నోరు దానంతటదే చెప్పింది. అరవై ఏళ్ళు తప్పు చోటే చెప్పిన నోరు. తర్వాత దిద్దుకుందామనుకున్నా. వాళ్ళిద్దరూ కదల్లేదు. వీడు ఇవాళ మా చోటుకే వెళ్ళాడని ఏమిటి నమ్మకం, వేరే చోటుకి వెళ్ళుంటాడు అనుకున్నా. పొద్దున పడవ దొరికింది."

గాలింపు ఆ రాత్రంతా ఉత్తరాన సాగింది. లైఫ్ జాకెట్ వేసుకున్న మనిషి ఆ చలి నీళ్ళలో తెల్లవారేదాకా బతికి ఉండే అవకాశం ఉందని కరోనర్ రాశాడు. ఆ వాక్యం మనోలోకు కంఠస్థం.

ఇప్పుడు తన గుర్తులు కూడా చెబుతాననీ, గీసి చూడమనీ అన్నాడు. రెండూ వేరువేరు చోట్లని తేలితే తన అబద్ధం కొడుకును చంపలేదు. ఒకటేనని తేలితే చంపింది. ఆయన అడిగింది అంతే. నా చెవి దగ్గరికి వంగి రెండు జతలు చెప్పాడు. పిలార్ చెప్పినవాటిలో ఒక్కటి కూడా అందులో లేదు. మొదటి జత సూది కొండ, తీరాన ఒక ఇటుకల పొగగొట్టం. రెండోది దీవి దక్షిణపు కొస, పడవలకు దారి చూపడానికి నీళ్ళలో పాతిన ఒక బీకన్ స్తంభం.

ఆఫీసులో ఇప్పటి చార్టు తెరిచాను. పొగగొట్టం లేదు. పాత ప్రతి తీశాను. ఉంది. తోమాస్ పోయిన మూడో ఏడాది దాన్ని కూలగొట్టారని పాత, కొత్త ఏరియల్ ఫోటోల్లో తెలిసింది. ఆ సంగతి మనోలోకు తెలియదు. అప్పటికే ఆయన సముద్రం మీదికి పోవడం మానేశాడు, ఒడ్డున నిలబడినా అంత దూరం కనబడదు.

అదే ఫోటోల్లో ఎరుపు తెలుపు స్తంభం కోసం వెతికాను. అది ఒక కమ్యూనికేషన్ టవర్. తోమాస్ పోయిన నాలుగో ఏడాది లేచింది. అంతకుముందు అక్కడ ఖాళీ స్థలం. అనుమతి పత్రాల తేదీ కూడా చూశాను.

అంటే, బతికున్న తోమాస్ ఆ టవర్‌ను చూసే అవకాశమే లేదు. అతను మేనత్తకు ఎప్పుడో ఉత్తరం రాసి ఉంటాడన్న నా మొదటి వివరణ అక్కడితో పోయింది.

నాలుగు గీతలూ గీశాను. రెండు బిందువుల మధ్య దూరం అరవై మీటర్లు. నా పద్ధతిలో వచ్చే పొరపాటు అంతకంటే ఎక్కువ. అంటే అవి వేర్వేరు చోట్లు అని చెప్పడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు.

ఆ కాగితం పట్టుకెళ్ళి వంటింట్లో నస్రీన్‌కు చూపించి, మనోలో అడిగింది చెప్పాను.

"ఏవండీ, అంకుల్ ఆల్రెడీ సగం పోయి ఉన్నారు," అంది నస్రీన్. "రెండు కిలోమీటర్ల తేడా ఉంది అంకుల్ అని చెప్పి వచ్చేయండి. మీ డిగ్రీలేమీ వెనక్కి తీసుకోరు."

"అప్పుడు పూలచక్రం ఎక్కడ వదలాలి?"

ఆమె మరో గిన్నె తీసి తోమసాగింది.

నేను నిజమే చెప్పాను. అరవై మీటర్లు అన్నాను, పొరపాటు పరిధి కూడా చెప్పాను. ఆ రెండో మాట ఆయన వినిపించుకోలేదు.

"మా చోటే," అన్నాడు. "అక్కడే ఉండి చూస్తూ ఉన్నాడు."

పండుగనాడు మా సహోద్యోగి పడవలో వెళ్ళాం. మబ్బు లేని ఉదయం, గాలి తక్కువ. నేను జీపీఎస్ తెర చూస్తూ ఆ బిందువు మీదికి తెచ్చి ఇంజను ఆపించాను. తలెత్తి చూస్తే టవర్ ఎడమ తల కింద నిలబడి ఉంది. తూర్పున తెల్ల మచ్చ, దాని కింద మూడో ఓడ. నేను గీతలు గీసింది కాగితం మీద. ఆ దృశ్యాన్ని అలా చూడాలంటే ఒక మనిషి ఆ నీళ్ళ మీదే ఉండాలి, తీరం మీద ఏ చోటునుంచీ అది అలా కనబడదు.

మనోలో పూలచక్రాన్ని రెండు చేతులతో నీళ్ళ మీద పెట్టాడు, విసరలేదు. పోటు దాన్ని వెంటనే తీసుకుపోలేదు. పడవ పక్కనే కాసేపు తిరిగింది. ఆయన చెయ్యి మణికట్టుదాకా నీళ్ళలో ముంచి ఉంచాడు. తన భాషలో ఏదో అన్నాడు, నేను అర్థం అడగలేదు. అక్టోబరులో ఆయన నిద్రలో పోయాడు. మరుసటి చలికాలంలో పిలార్ కూడా పోయింది.

నాకు తోచిన వివరణల్లో ఒక్కటే ఇంకా నిలబడి ఉంది. చూపున్న ఎవరినో వెంటబెట్టుకుని మనోలో రహస్యంగా ఆ చోటుకు వెళ్ళి, కొత్త గుర్తులు చెప్పించుకుని, అక్క నోట పలికించి ఉండాలి. తనను తాను దోషిగా తేల్చుకోవడానికి ఒక మనిషి అంత కష్టపడగలడని నేను ఒప్పుకుంటాను. కానీ బే చుట్టుపక్కల పడవలు అద్దెకిచ్చేవాళ్ళను అడిగాను, ఆయన స్నేహితులను అడిగాను. ఎవరూ తీసుకెళ్ళలేదన్నారు. పిలార్‌ను చూసుకున్న, ఆమె భర్త తరఫు మేనకోడలిని దుబాసీ ద్వారా అడిగాను. ఆ కాల్‌కు ముందు వారమంతా ఫోన్ మోగలేదంది. ఇవేవీ రుజువులు కావు. లేదన్న మాటలు మాత్రమే.

ఆ టవర్‌ను వచ్చే ఏడాది తీసేస్తారని ప్రకటన వచ్చింది. ఆ నీళ్ళమీదినుంచి దాన్ని చూసి గుర్తు పెట్టుకున్నది ఎవరన్న ప్రశ్నకు నాకు తెలిసిన పరీక్ష అదొక్కటే. అది కూలితే మూడోసారి గుర్తులు రావాలి, లేదా రాకూడదు. ఏది జరిగినా అదొక ఫలితమే.

ఆ పరీక్ష జరగదు. గుర్తులు ఇంటివాళ్ళకే చెబుతారు, ఆ ఇంట్లో ఇప్పుడు ఎవరూ లేరు. ఆ చోటు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను, దాన్ని నేను చార్టు మీద ఎక్కించలేదు.