త్రెందాఫిలా పిన్ని చచ్చిపోయిన శనివారం

సోఫియాలో ట్రాము నడిపిన ఆడవాళ్ళు చాలామందే ఉన్నారు గానీ, త్రెందాఫిలా పిన్ని గంట కొడితే కూడలిలో విగ్రహాలు కూడా పట్టాల పక్కకి జరిగి నిలబడేవట. ఆ సంగతి మొదట చెప్పింది పిన్నే. కాదన్నవాడు మాత్రం ఇంతవరకూ పుట్టలేదు. పుట్టినా ఆవిడ ముందు నోరు విప్పడు.

ద్రుజ్బా పేటలో ఆరో బ్లాకు లేచిన కొత్తలో ఇళ్ళముందు మోకాలిలోతు బురద. పిన్ని ఆఖరి స్టాపు అవతలనుంచి ఓ లిండెన్ మొక్కని పెకలించి, తన సీటు పక్కనే నిలబెట్టి, ఊరంతా తిప్పుకుని తెచ్చింది. "దీనికి టిక్కెట్టేదీ?" అన్నాడు తనిఖీ చేసేవాడు. "పసిది నాయనా, ఇంకా ఆరేళ్ళు నిండలేదు" అంది. ఆ పసిది ఇవాళ ఐదో అంతస్తు కిటికీల్లోకి తొంగిచూస్తోంది. దాని చుట్టూ గులాబీలు, టమాటా మళ్ళు, ముసలాళ్ళు చదరంగం పేరుతో పోట్లాడుకునే బల్ల. జూన్‌లో లిండెన్ పూస్తే, బ్లాకు మొత్తానికీ ఏడాదికి సరిపడా టీ కాచుకునే పువ్వు దొరుకుతుంది.

ఊరేమో పులిసిన పిండిలా పొంగింది. చారెడు నేల ఖాళీగా కనిపిస్తే చాలు, తెల్లారేసరికి దానిమీద క్రేను మొలుస్తోంది. అలాగే ఓ కంపెనీవాళ్ళ కన్ను ఈ తోటమీద పడింది. పన్నెండంతస్తులు వేస్తారట. కార్పొరేషన్‌వాళ్ళు కబురు పెట్టారు: శనివారం పదింటికి తోటలోనే విచారణ. వందమందైనా వచ్చి వద్దంటే సరే, లేకపోతే సోమవారమే తవ్వకం.

వందమందా! కిందటి విచారణకి ముగ్గురొచ్చారు. అందులో ఒకడు పిల్లి తప్పిపోయి వెతుక్కుంటూ వచ్చాడు.

అందుకని పిన్ని కలం పట్టింది. సాదాగా రాయడం ఆవిడకి చేతకాదు. "నలభై ఏళ్ళు మనకి చల్లగా నీడనిచ్చింది. మన పిల్లల్ని ఒళ్ళో ఆడించింది. ఇప్పుడు మనల్ని విడిచిపోతోంది. శనివారం పదింటికి ఆరో బ్లాకు తోటకి అందరూ రండి. త్రెందాఫిలా." విడిచిపోతున్నది తోట అని రాయడం ఒక్కటే మర్చిపోయింది. చెట్టుకింద తను నిలబడ్డ ఫోటో జతచేసి, వెల్కో ప్రింటింగు షాపుకి వెళ్ళింది. భోజనం వేళ, తలుపు వేసుంది. కాగితాలు తలుపుసందులోంచి తోసేసి, టమాటా నారు తెచ్చుకోడానికి పెర్నిక్‌లో చెల్లెలింటికి బస్సెక్కేసింది.

వెల్కో ఇరవై ఏళ్ళుగా చావు కాగితాలు తప్ప మరొకటి అచ్చువేసి ఎరగడు. ప్రతి గుమ్మానికీ, ప్రతి స్తంభానికీ అతని కాగితాలే. బస్సు తప్పిపోతున్నా సరే, ఆగి చదవకుండా పోయేవాడు ఊళ్ళో లేడు. పిన్ని రాత చూసి వెల్కో బావురుమన్నాడు. 'విడిచిపోతోంది' అన్నది తప్పనుకుని 'విడిచిపోయింది' అని దిద్దాడు. ఫోటోలో చెట్టుని కత్తిరించి మొహం ఉంచాడు. చుట్టూ నల్లగీత, పైన శిలువ. తనే బంక డబ్బా పట్టుకుని పేటంతా అంటించాడు.

శనివారం పొద్దున నారుబుట్టతో బస్సు దిగిన పిన్నికి తోటనిండా జనం కనిపించారు. గుండె పొంగిపోయింది. 'నా రాత అంటే అదీ!' అనుకుంది. దగ్గరికొస్తే ఒక్కటే అర్థం కాలేదు. అందరి చేతుల్లోనూ పువ్వులు. అదీ పోయినవాళ్ళకి తెచ్చేలా సరిసంఖ్యలో, రెండేసి, నాలుగేసి. పొరుగింటి గినా వదిన చేతిలో, చావుకి పంచే పంచదార జల్లిన ఉడికించిన గోధుమల పళ్ళెం. ఎవరు పోయారబ్బా?

చదరంగం బల్లెక్కి ఎవ్లోగి తాత కళ్ళొత్తుకుంటున్నాడు. "పోయేముందు నా చెయ్యి పట్టుకుంది. 'ఎవ్లోగీ, నీ అంత ఆటగాణ్ణి నేనెన్నడూ చూళ్ళేదు' అంది. అదే ఆఖరి మాట!"

"నీ మొహం! ఏనుగుని గుర్రంలా దూకించే దొంగవి. నేనెప్పుడన్నానురా ఆ మాట?" అంది పిన్ని వెనకనుంచి.

గినా వదిన చేతిలో పళ్ళెం జారింది. ఓ ముసలాయన ఇటూ అటూ రెండుసార్లు శిలువ గీసుకున్నాడు. వెల్కో పొదచాటుకి తప్పుకున్నాడు. కాసేపటికి గినా వదిన మొహం ఎర్రబడింది. "బతికే ఉన్నావా? తెల్లారుజామున లేచి గోధుమలు ఉడకేశానే తల్లీ!"

"బతికున్నావని తెలిస్తే వచ్చేవాళ్ళమా?" అని గొణిగి, తాత బల్లమీంచి ఓ కాలు కిందపెట్టాడు. జనం కదలబోయారు. సరిగ్గా అప్పుడే కార్పొరేషన్ అమ్మాయి ఫైలు చంకన పెట్టుకుని దిగింది.

పిన్ని బుట్ట కిందపెట్టి, ట్రాము రోజుల నాటి గొంతు తీసింది. "తలుపులు మూసేశాను! నా చావుకొచ్చినవాడెవడూ దిగడానికి వీల్లేదు. వచ్చే స్టాపు విచారణ!"

నలభై ఏళ్ళు ఆ గొంతు విని ఆగిన కాళ్ళు మళ్ళీ ఆగిపోయాయి.

"వీళ్ళంతా తోటకోసమే వచ్చారా?" అంది అమ్మాయి, నోరు తెరిచి.

పిన్ని జనంవైపు తిరిగింది. ఆవిడ గొంతులో మొదటిసారి తడి చేరింది. "నాకోసం ఇంతమంది వచ్చారు. నేనెలాగూ ఇవాళో రేపో పోయేదాన్నే. ఈ తోటా పోతే మీరెక్కడ కూర్చుని నన్ను తిట్టుకుంటారర్రా?"

ముందు ఎవ్లోగి తాత తల అడ్డంగా ఊపాడు, సోఫియాలో అవునని ఊపే పద్ధతిలో. వెనకే గినా వదిన. ఆ తరవాత తోటంతా గాలికి ఊగినట్టు తలలూగాయి. అమ్మాయి లెక్కపెట్టింది. నూట నలభై మూడు. "కట్టడం వద్దన్నవాళ్ళు చేతులెత్తండి" అంటే కార్నేషన్లు, తులిప్పులు, గులాబీలు లేచాయి. పొదలోంచి వెల్కో రెండు చేతులూ ఎత్తాడు, అమ్మాయి ఒకటే రాసుకుంది.

"ప్లాను వెనక్కి" అని రాసి, మొదటి సంతకానికి పిన్నిముందు ఫైలు పెట్టింది. చెట్టుకంటించిన చావు కాగితంమీద పిన్ని ఫోటో చూసి తటపటాయించింది. "అమ్మా... పోయినవాళ్ళ సంతకం చెల్లదేమో."

"ఇదిగో, గిల్లి చూడు" అని పిన్ని కాగితం చిరిగేలా పేరు గీసి, కలం తాతకిచ్చింది. "కానీ, ఆఖరి మాటలు విన్నవాడా. ఈసారైనా నిజం రాయి."