ఇది ఏం తిని పెరిగింది?

దర్సోనో ముందు ఏ తిండి పెట్టినా చెయ్యి కడుక్కునే లోపు ఒకటే ప్రశ్న అడుగుతాడు: "ఇది ఏం తిని పెరిగింది?"

చేప పెడితే చేప ఏం తిందని అడుగుతాడు. గుడ్డు పెడితే కోడి సంగతి అడుగుతాడు. సోలో ఊళ్లో మేక మాంసం కాల్చి అమ్మేవాళ్లందరికీ ఆయన తెలుసు. సైకిల్ మలుపు తిరగడం చూడగానే "గడ్డే బాబాయ్, ఒట్టి గడ్డే!" అని దూరం నుంచే అరిచేస్తారు. మేనకోడలికి సంబంధం వచ్చినప్పుడు అబ్బాయి తల్లి కొడుకు ఉద్యోగం, చదువు, నమాజు, నడవడి అన్నీ అరగంట సేపు ఏకరువు పెట్టింది. ఈయన ఓపిగ్గా విని, "అంతా బాగుందమ్మా. ఇంతకీ ఏం తిని పెరిగాడు?" అన్నాడు.

ఆవిడ బిత్తరపోయి, "టెంపే తిని" అంది.

"సోయా గింజలు! ఎముక గట్టిది. ఖాయం చేసుకోండి."

పెళ్లి జరిగిపోయింది. అతగాడి ఎముకలు ఇప్పటికీ బాగానే ఉన్నాయని చెప్పుకోవాలి.

ఈ జబ్బు ఎప్పుడు మొదలైందో ఆయన భార్య సుమార్నికి బాగా గుర్తు. ముప్ఫై ఏళ్లు రైల్వే గేటు వేసి, తీసి, రిటైరైన నెలలో. ఇంట్లో ఊరికే కూర్చుని ప్రతి తలుపూ వేస్తూ తీస్తూ ఉంటే చూడలేక, గుడ్లు పెట్టే కోడిని ఒకదాన్ని పట్టుకు రమ్మని పిట్టల సంతకు పంపింది. సాయంత్రానికి ఒక పంజరం తెచ్చి వరండాలో దించాడు. లోపల కొమ్మ మీద ఆకుపచ్చగా, తలమీద కిరీటంతో ఏదో ఉంది.

"కోడి ఏదండీ?"

"కోడి కన్నా గొప్పది. ఊసరవెల్లి."

"గుడ్లు పెడుతుందా?"

"మగది."

"కూస్తుందా పోనీ?"

"నోరు విప్పదు."

"మరేం చేస్తుందండీ?"

"చూస్తుంది," అన్నాడు దర్సోనో గర్వంగా.

నిజమే, చూస్తోంది. ఒక కన్ను సుమార్ని మీద, రెండో కన్ను వంటింటి మీద. ఎదురింటి అత్తగారు పోయాక అలాంటి చూపు ఆమె మళ్లీ ఎక్కడా చూడలేదు.

దానికి రాదెన్ అని పేరు పెట్టాడు. రాజుగారి బిడ్డలకుండే బిరుదది. పేరుతో ఊరుకున్నా బాగుండేది. పెళ్లయిన దగ్గర్నుంచీ భార్యను "ఏవోయ్" తప్ప ఇంకోలా పిలవని మనిషి ఊసరవెల్లి ముందు చేతులు కట్టుకుని, "తమరు నిద్ర లేచారా? తమరికి ఎండ తగులుతోందా?" అనడం మొదలుపెట్టాడు.

"నన్ను కూడా ఒక్కసారి తమరు అనండి, విని పోతాను," అంది సుమార్ని.

"నువ్వు రంగు మారతావా?"

"ఇంకాసేపు ఇలాగే మాట్లాడితే మారతాను."

రాదెన్ వారు చచ్చిన పురుగును ముట్టరు. కదలాలి. అందుకని మొదట్లో దర్సోనో కొట్లో కీచురాళ్ల పొట్లం కొన్నాడు. కొని, వెలుతురులో పెట్టి చూసి, కొట్టువాణ్ని అడగాల్సింది అడిగాడు: "ఇవి ఏం తిని పెరిగాయి?"

"ఏదో ఒకటి తినే ఉంటాయి బాబాయ్, లేకపోతే పెరగవుగా."

ఆ "ఏదో ఒకటి" దర్సోనోకి అన్నం సయించనివ్వలేదు. రాదెన్ వారి పొట్టలోకి పోయేది కీచురాయి కాదట, కీచురాయి పొట్టలో ఉన్నదట. వారం తిరక్కుండా వెనక వరండాలో మూడు చెక్కపెట్టెలు వెలిశాయి. లోపల గుడ్ల అట్టలు, ఎండిన అరటాకులు. పైకి పాకితే జారిపడేలా అంచు చుట్టూ నున్నటి టేపు. ఒక పెట్టెలో గుడ్లు పెట్టేవి, ఒకదాంట్లో చీమంత పిల్లలు, ఒకదాంట్లో రాదెన్ వారి రెండు కళ్ల మధ్య దూరాన్ని మించని సైజువి. అంతకన్నా పెద్దది పెడితే గొంతులో అడ్డం పడుతుందని పుల్లతో కొలిచి మరీ పెట్టేవాడు. గోడ మీద సుద్దముక్కతో భోజనాల పట్టిక. సోమవారం క్యారెట్, మంగళవారం మునగాకు, బుధవారం బొప్పాయి ఆకు. దాహానికి అరటి దవ్వ ముక్కలు.

"ఏమండీ, పొద్దున కట్ట తోటకూర తెచ్చాను. ఏది?"

"ఇవాళ ఏ వారం?"

"గురువారం."

"పట్టిక చూడు."

చూసింది. గురువారం, తోటకూర. ఆ రోజు ఆయనకు వేడన్నంలో ఉప్పు, మిరపకాయ పెట్టింది. ఆయన అన్నం వైపు చూసి, ఆమె మొహం వైపు చూసి, ఈ జబ్బు పట్టాక మొదటిసారి ఏమీ అడక్కుండా తినేశాడు.

పక్కింటి పోనిమన్ రోజూ పొద్దున కాఫీకి వీళ్ల అరుగు మీదకే వచ్చేవాడు. భార్య పోయాక ఆయనకు మిగిలినవి రెండే. ఈ కాఫీ, తన మురాయి పిట్ట. మురాయి పాటల పోటీల్లో ఆ చుట్టుపక్కల ఆయన పిట్టకు తిరుగు లేదు. దాని పేరు హలిలింతర్, అంటే పిడుగు. పిట్టను తయారుచేయడంలో ఎవరి సలహా వినడు, ఎవరి చెయ్యీ పడనివ్వడు. అదొక్కటే ఆయన పొగరు.

ఒకరోజు సుమార్ని అరటికాయ బజ్జీలు వేసింది. పోనిమన్ నాలుగు లాగించి, "చెల్లెమ్మా, ఈ కరకర ఎక్కడిదమ్మా? పంటి కింద పటపటమంటున్నాయి!" అన్నాడు. ఐదోది తీసుకోబోతుండగా దర్సోనో ఖాళీ బిస్కెట్ డబ్బా పట్టుకుని వంటింట్లోంచి వచ్చాడు.

"ఏవోయ్, కీచురాళ్లకు అద్దే కాల్షియం పొడి ఏది?"

సుమార్ని బజ్జీల వైపు చూసింది. పోనిమన్ తన చేతిలోని బజ్జీ వైపు చూశాడు.

"బియ్యప్పిండి అనుకున్నానండీ," అంది నెమ్మదిగా.

"ఏం పర్లేదన్నా," అన్నాడు దర్సోనో సంతోషంగా. "నువ్వేం తిని పెరిగావని ఎవరన్నా అడిగితే ఇక ధైర్యంగా చెప్పొచ్చు."

అలాంటి రోజులవి. తర్వాత పిట్టకు ఈకలు రాలే కాలం వచ్చింది. పంజరం మీద గుడ్డ కప్పేశాడు పోనిమన్. ఏటా ఉండేదే. కానీ ఈసారి కొత్త ఈకలు వచ్చినా పాట రాలేదు. తేనె పట్టాడు, చీమగుడ్లు పెట్టాడు. పిట్ట నోరు విప్పలేదు. పోనిమన్ కూడా విప్పలేదు. కాఫీకి రావడం మానేశాడు. మళ్లీ గుడ్డ కప్పి, దాని పక్కనే కూర్చునేవాడు. సుమార్ని కప్పు గోడ మీంచి అందిస్తే, చల్లారిన కాఫీతో అలాగే తిరిగొచ్చేది.

సరిగ్గా ఆ వారమే దర్సోనో నాలుగో పెట్టె చేశాడు. వరండాలో చోటున్నా, తీసుకెళ్లి పోనిమన్ ఇంటి గోడకు ఆనించి పెట్టాడు. అందులోవి పొద్దస్తమానం కీచుమంటూనే ఉండేవి.

"ఎందుకండీ ఈ గోల?"

"గోలా? నాకు వినపడదే," అన్నాడు. ముప్ఫై ఏళ్లు రైళ్ల పక్కన నిలబడ్డ చెవులు, నిజమే కాబోలు అనుకుంది సుమార్ని.

నెల తిరిగేసరికి పిట్ట పాడింది! సన్నగా, వేగంగా, ముత్యాలు రాలినట్టు కొత్త వరస. పోనిమన్ రొమ్ము విరుచుకుని వీధి ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు. తన తేనె మహిమ అన్నాడు. వచ్చే ఆదివారం పోటీ. వీధి పరువంతా దాని గొంతులోనే ఉందన్నాడు. ఆ ఊపులోనే వీధిపెద్ద కుస్తినా దగ్గరికెళ్లి కీచురాళ్ల మీద ఫిర్యాదు చేశాడు. ఆ గోలకు పిట్ట ధ్యాస చెదురుతోందట.

ఆ సాయంత్రం కుస్తినా ఇంట్లో చాపల మీద వీధివాళ్లందరూ కూర్చున్నారు. టీ వచ్చింది. ఒకాయన తన నమాజు లుంగీలో కీచురాయి దొరికిందన్నాడు. ఒకావిడ తన బియ్యం డబ్బాలో దొరికిందంది. కుస్తినా అందరి మాటా విని, "అరిచేవన్నీ ఈ వీధి దాటాలి దర్సోనో బాబాయ్. రెక్కలు రాని పిల్లలు అరవవుగా, అవి ఉంచుకోండి," అని తేల్చింది.

అరిచేవంటే పెద్దవి. పెద్దవి పోతే గుడ్లు లేవు. గుడ్లు లేకపోతే పిల్లలు లేవు. నెల తిరిగేసరికి రాదెన్ వారికి పస్తు. సుమార్నికే కడుపు మండింది. మొగుడు పోట్లాడతాడేమోనని చూసింది. ఆయన టీ గ్లాసులోకి చూస్తూ, "అలాగేనమ్మా," అన్నాడు.

ఇంటికొచ్చి నాలుగో పెట్టె మూటగట్టడానికి మూత తీసింది సుమార్ని. గుడ్ల అట్ట ఎత్తి చూసింది. ఇంకోటి ఎత్తింది. ఇన్నాళ్లుగా ఈ కాపురం చేస్తున్నదాయె, తోక దగ్గర సూదిలాంటిది ఉంటే ఆడదని ఆమెకు తెలుసు. ఈ పెట్టెలో ఒక్క సూదీ లేదు.

"ఏమండీ, ఇవన్నీ మగవే!"

"అవునా?"

"గుడ్లు పెట్టవు. ముదిరిపోయాయి, రాదెన్ ముట్టడు. మరి వీటిని నెల రోజులుగా నా తోటకూర పెట్టి మేపుతున్నది దేనికండీ?"

దర్సోనో సైకిల్‌కు తాడు బిగించాడు. "పాట బాగుందని," అని గొణిగి, పెట్టెలెక్కించుకుని నది అవతల రైల్వే గేటు నాటి పాత స్నేహితుడి పెరట్లో దించి వచ్చాడు. రోజూ రెండు పూటలా క్యారెట్లు పట్టుకుని నది దాటేవాడు.

వీధి నిశ్శబ్దమైంది. మూడో రోజుకు పిట్ట కూడా నిశ్శబ్దమైంది.

శుక్రవారం సుమార్ని కాఫీ తీసుకుని తనే పక్కింటికి వెళ్లింది. పోనిమన్ పంజరం ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. గడ్డం మాసిపోయింది.

"ఎల్లుండే పోటీ చెల్లెమ్మా. తేనె మార్చాను, నీళ్లు మార్చాను. దీనికేమైందో..."

అప్పుడు పిట్ట గోడ వైపు తల తిప్పింది. గుటకేసింది. కీచ్, కీచ్, కీచ్ అని మూడుసార్లు అని ఆగి, చెవి అటు పెట్టి, జవాబు కోసం చూసింది.

సుమార్ని కాఫీ కప్పు కింద పెట్టేసింది. ఆ మూడు కీచుల వరస ఆమె నెల రోజులు తలగడ చెవులకు అదుముకుని విన్నది. గుడ్డ కప్పిన పిట్ట నోరు మూసుకుంటుంది కానీ చెవులు మూసుకోదు. ఆ మాట చెప్పింది ఈ పోనిమనే, తమ అరుగు మీద, బజ్జీ నములుతూ.

"అన్నయ్యా," అంది, "మీ పిట్ట పాడేది మీ తేనె పాట కాదు. మా నాలుగో పెట్టె పాట. ఆయన ఏరి ఏరి, మంచి గొంతున్న మగవాటినే మీ గోడకు పెట్టారు."

పోనిమన్ కింద ఉన్న కాఫీ తీసుకుని ఒక్క గుక్కలో తాగేశాడు. "నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా, వెధవ," అన్నాడు.

"చెప్తే ఒప్పుకునేవారా?"

"ఛస్తే ఒప్పుకోను."

అరగంట తర్వాత పోనిమన్ వీళ్ల గుమ్మంలోకి వచ్చి, ఎవరి మొహమూ చూడకుండా, "దర్సోనో, మా వైపు గోడ బోసిగా ఉంది. చూడ్డానికి అసహ్యంగా ఉంది," అన్నాడు.

"ఏం చేద్దామంటావన్నా?"

"నీ దగ్గర పాత పెట్టెలేమన్నా ఉంటే..."

"వీధిపెద్ద ఒప్పుకోదు."

"ఫిర్యాదు నాది. నేను వాపసు తీసుకున్నా. నమాజు లుంగీ ఆయనకు కొత్త లుంగీ నేనిస్తా. పద, సైకిల్ తియ్యి."

పెట్టెలన్నీ తిరిగొచ్చాయి. నాలుగోది పోనిమన్ స్వయంగా మోసుకొచ్చి గోడకు ఆనించాడు, పసిపిల్లను పడుకోబెట్టినట్టు. మర్నాడు తెల్లారేసరికి గోడకు ఇటూ అటూ ఒకటే గోల. ఆరుగంటలకు అరుగు మీద కాఫీ కప్పులు మళ్లీ మూడయ్యాయి. రాదెన్ వారు ఒక కన్నుతో పోనిమన్‌ను, ఇంకో కన్నుతో బజ్జీల పళ్లేన్ని కనిపెట్టుకుని ఉన్నారు.

ఆదివారం హలిలింతర్‌కు మూడో స్థానం వచ్చింది. మొదటి రెండింటినీ వదిలేసి జనమంతా పోనిమన్ చుట్టూ మూగారు.

"ఆ సన్నటి వరస ఎక్కడిదన్నా? పిట్టకు ఏం పెడుతున్నావు?"

పోనిమన్ మైదానం అంచున సైకిల్ పట్టుకుని నిలబడ్డ దర్సోనోను వేలితో చూపించాడు. "నన్నడక్కండి. ఆ పాట ఏం తిని పెరిగిందో ఆయన్ని అడగండి."

ఇన్నేళ్లలో ఆ ప్రశ్న దర్సోనోను ఎదురు అడిగినవాళ్లు లేరు. గొంతు సవరించుకున్నాడు. "సోమవారం క్యారెట్," అని మొదలుపెట్టాడు. "మంగళవారం మునగాకు, బుధవారం బొప్పాయి ఆకు..."

"గురువారం నా తోటకూర!" అంది వెనక నుంచి సుమార్ని.

దర్సోనో వెనక్కి తిరిగి చేతులు కట్టుకుని, కాస్త వంగి, "అవును," అన్నాడు. "తమరి తోటకూర."

సుమార్ని మొహం చెంపల నుంచి చెవుల దాకా ఎర్రబడింది. ఆమె నిజంగానే రంగు మారడం ఆ రోజు మైదానంలో అందరూ చూశారు.