ఏడువాకిళ్ళ కోటలో మా అమ్మమ్మ

ఫోనులో ఆడే గేమును కథగా మలచడం చేతనైన మనిషి ఈ ప్రపంచం మొత్తానికి ఒక్కరే ఉన్నారు. ఆవిడ తెనాలిలో ఉంటుంది. మోకాళ్ళకు నొప్పుల నూనె రాసుకుంటుంది. ఫోను మోగితే పచ్చది నొక్కాలో ఎర్రది నొక్కాలో ఇప్పటికీ నన్నే అడుగుతుంది. ఈ సంగతి తెలియక పెద్ద పెద్ద సినిమా కంపెనీలు డబ్బు తగలేసుకుంటున్నాయి. ఆవిడ మా అమ్మమ్మ, సరోజిని.

మీసం అంటించి కిరీటం పెడితే ఆవిడను ఆడమనిషి అని ఎవరూ అనుకోరు. పద్యనాటకాల్లో పెళ్ళికాక ముందునుంచీ రాజు వేషాలే వేసింది. ఇంట్లో మా మీదా రాజరికమే. కానీ ఈమధ్య నాటకానికి పిలిచేవాళ్ళు కరువయ్యారు. నాటకాన్ని పక్కకు నెట్టిన సినిమా కూడా ఇప్పుడు దిక్కులు చూస్తోంది. రేపల్లెలో ప్రకాశరావుగారి సినిమా హాలుకు తాళం పడింది.

ఒకరోజు నేనూ వీధిలో పిల్లలూ అరుగు మీద వరసగా కూర్చుని ‘ఏడువాకిళ్ళ కోట’ ఆడుతుంటే అమ్మమ్మ వచ్చి నిలబడింది. ఒక వీరుడు ఏడు వాకిళ్ళు దాటి కోట పట్టుకోవాలి. గేము అంతే.

“ఏమే పింకీ, ఇంతమందికి ఈ రాజు తెలుసా?”

“దేశమంతా తెలుసు అమ్మమ్మా. మూడు భాగాలొచ్చాయి.”

“మరి నాకు చెప్పవేంటే?”

ఆ గేము తయారుచేసిన జయకృష్ణగారిది మా పక్కనున్న వేమూరే. మరునాడే అమ్మమ్మ నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కింది. పాపం, ఆయన అప్పటికే అలిసిపోయి ఉన్నారు. ఆ గేమును సినిమాగా తీస్తే వారం తిరక్కుండా ఎత్తేశారు. ఓటీటీలో సిరీస్ చేస్తే మొదటి ఎపిసోడ్ సగంలోనే జనం ఆపేశారు.

“సినిమావాళ్ళకే లొంగలేదండి ఈ కథ. నాటకం ఏం చేస్తారు మామ్మగారూ?”

“వాళ్ళకి లొంగకపోతే నాకేం బాబూ? నాకివ్వు.”

ఆయన నవ్వి సరేనన్నారు. తిరుగు బస్సులో అమ్మమ్మ కిటికీలోంచి చూస్తూ అంది: “ఇది కూడా జనం చూడకపోతే ఇంక మొహానికి రంగు పూయనే.” ఉత్తినే అనే మనిషి కాదు.

మొదటి ఆట బాపట్లలో వేశారు. సినిమాలో చేసినట్టే వీరుడు ఏడు వాకిళ్ళూ గెలుచుకుంటూ పోయాడు. పిల్లలు “ఇది మా గేము కాదు” అన్నారు. పెద్దలు “ఇది మా నాటకం కాదు” అన్నారు. మంగళం పాడేసరికి కుర్చీలు సర్దేవాళ్ళు మాత్రమే మిగిలారు.

తెనాలి రైల్లో అమ్మమ్మ చెవుల దగ్గర రంగు ఇంకా పోలేదు. నా వైపు తిరిగింది.

“నిజం చెప్పవే. గేములో వాడు ఊరికే గెలుస్తాడా?”

“ఎక్కడ! అడుగడుక్కీ చస్తాడు. మళ్ళీ లేపుతాం.”

“ఎవరు లేపుతారు?”

“మేమే. ఆడేవాళ్ళం.”

“ఆ ముక్క ముందు చెప్పొద్దుటే, దున్నపోతా!” అంటూ నెత్తిమీద ఒకటిచ్చింది. ఎదురుగా కూర్చున్న హార్మోనియం నరసింహంగారు అప్పటికే నవ్వుతున్నారు. పద్యనాటకంలో ఒక ఆచారం ఉంది. రాజు పద్యం పాడి చచ్చిపోతాడు. పద్యం నచ్చితే జనం “వన్స్ మోర్” అని అరుస్తారు. చచ్చిన రాజు లేచి, దుమ్ము దులుపుకుని, పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ చస్తాడు. సినిమావాళ్ళు దాచిపెట్టిన చావు మావాళ్ళకు మహా ఇష్టమైన సంగతి.

అమ్మమ్మ ప్రకాశరావుగారిని బతిమాలి రేపల్లె హాలు ఒక ఆదివారం తెరిపించింది. సినిమా తెరకు ముందున్న వేదిక కడిగించి, నాటకం తెర కట్టించి, దాని మీదే ఆట. తెర ఎత్తేముందు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“నేను పడ్డాక నువ్వు అరిచావంటే కాళ్ళు విరగ్గొడతా. ఇంట్లోవాళ్ళు అరిస్తే అది అడుక్కోవడమే.”

“ఎవరూ అరవకపోతే?”

“అలాగే పడి ఉంటా. తెర దించెయ్యి.”

మొదటి వాకిలి దగ్గర అమ్మమ్మ గొంతెత్తి పద్యం పాడి, ఈటె దెబ్బకు కూలిపోయింది. హార్మోనియం ఆగింది. హాలు నిశ్శబ్దం. పిల్లలకు ఆ ఆచారం తెలియదు. పెద్దలకు అరిచి ఎన్నాళ్ళయిందో! నేను తెర తాడు పట్టుకున్నాను. అమ్మమ్మ వేలు కూడా కదపలేదు.

అప్పుడు వెనక వరసలోంచి ఒక ముసలి గొంతు, దగ్గుతూనే, “వన్స్ మోర్!” అంది.

అమ్మమ్మ లేచింది. పిల్లలు గుర్తుపట్టేశారు. లేస్తుంది! అచ్చం గేములోలా! ఈసారి పడగానే హాలు హాలంతా అరిచింది. మూడో వాకిలికి వచ్చేసరికి సలహాలు కూడా మొదలయ్యాయి.

“మామ్మా, ఎడమకి! ఎడమకి జరుగు!”

“రాజుని మామ్మ అంటావేంట్రా!” అని ఒక పెద్దాయన కసిరాడు.

అమ్మమ్మ ఎడమకే జరిగింది. ఈటె తప్పిపోయింది. ఆ కసిరిన పెద్దాయనే లేచి ఈలేశాడు! పడినప్పుడల్లా పద్యం మరో మెట్టు పైకి ఎత్తుకుంది. ఎన్నిసార్లు చచ్చిందో నేను లెక్క వదిలేశాను. ఏడో వాకిలి దాటేసరికి జయకృష్ణగారు కుర్చీ మీద ఎక్కి నిలబడి ఉన్నారు. తను చేసిన వీరుడు గెలవడం ఆయన అంతకుముందు ఎప్పుడూ చూడనట్టుంది ఆ మొహం.

ఆట అయ్యాక ప్రకాశరావుగారు తాళంచెవి తిప్పుతూ వచ్చి, “వచ్చే నెల కూడా తెరుస్తానమ్మా” అన్నారు. అమ్మమ్మ మీసం పీక్కుంటూ “సరే, ముందు ఫ్యాన్లు బాగుచేయించండి” అంది. నాకు మాత్రం ఎగిరి గంతేయాలనిపించింది. ఇంటరు సగంలో మానేసినదాన్నని నన్ను వెక్కిరించే వీధిలో, అమ్మమ్మ మనవరాలినని చెప్పుకుంటూ వారం రోజులు తిరిగాను.

ఇదంతా రాసి నిన్న అమ్మమ్మకు చదివి వినిపించాను. నూనె సీసా పక్కన పెట్టి చివరిదాకా విన్నది. “ఎలా ఉంది?” అన్నాను.

“రాసింది చాలు. మోకాళ్ళు పోయాయి నాకు. వచ్చే నెల చచ్చేది నువ్వే, లేచి పద్యం నేర్చుకో.”