స్తంభం దగ్గర దగ్గు

కురమిత్సు హెయిజో గారు దగ్గుతారు. కనజవాలో ఆయన గురించి ఎవరినడిగినా మొదట చెప్పే సంగతి ఇదే. చాలామంది చివర చెప్పేదీ ఇదే. దగ్గు అందరికీ వస్తుంది, కాదనను. కానీ ఈయన దగ్గేది నో అనే జపాన్ సంప్రదాయ నాటకం మధ్యలో, వేదిక మీద కూర్చుని, నాలుగు వందల మంది ఊపిరి బిగబట్టి చూస్తున్నప్పుడు.

ఆ వేదిక మీద నేను భుజం డోలు వాయించేవాణ్ణి. మా విద్యలో దెబ్బ కంటే దెబ్బకూ దెబ్బకూ మధ్య నిశ్శబ్దం ముఖ్యం. కొట్టడం నేర్చుకోవడానికి నాకు మూడేళ్ళు పట్టింది, కొట్టకుండా ఊరుకోవడం నేర్చుకోవడానికి ఇరవై. ఆ ఇరవై ఏళ్ళ కష్టం మీద సరిగ్గా వచ్చి పడేది ఆయన దగ్గు. పొడిగా, పొట్టిగా, ఎండు వెదురు పుల్ల విరిచినట్టు ఒక్కటే దగ్గు. ఒకసారి, చనిపోయిన సేనాని ఆత్మ చంద్రుణ్ణి చూసి కన్నీరు తుడుచుకునే ఘట్టం. నేను చేయెత్తి ఆపాను. చంద్రుడు కూడా ఆగాడనిపించింది. వెనకనుంచి "ఖహ్".

కురమిత్సు గారి పని వేదిక వెనక భాగంలో నల్ల కిమోనోతో బొమ్మలా కూర్చోవడం. ప్రధాన నటుడి దుస్తుల మడత చెదిరితే సర్దాలి. విసనకర్ర జారితే అందించాలి. నటుడు కుప్పకూలితే లేచి, ఆ పాత్రను అక్కణ్ణుంచి తనే పూర్తిచేయాలి. అంటే నాటకమంతా కంఠతా వచ్చిన మనిషే అక్కడ కూర్చుంటాడు. ప్రేక్షకులు మాత్రం ఆయన్ని లేనట్టే లెక్కవేస్తారు, అది మర్యాద. లేని మనిషి దగ్గితే ఏం చేయాలో ఏ మర్యాదా చెప్పలేదు.

మేం మందులు మొదలుపెట్టాం. తేనెలో ఊరేసిన ముల్లంగి నా భార్య పంపింది. పిల్లనగ్రోవి వాయించే ఆయన ఉల్లికాడలు కాల్చి, గుడ్డలో చుట్టి, మెడకు కట్టుకోమన్నాడు. కురమిత్సు గారు ఎవరినీ కాదనలేదు. అందరికీ వంగి నమస్కరించి, అన్నీ తాగి, అన్నీ కట్టుకుని, ఉల్లికాడల వాసనతో వేదికెక్కి దగ్గారు.

"మీ ముల్లంగి చాలా మేలు చేసిందండీ, నిషిదె గారూ," అన్నారు నాతో ఒకరోజు. "పోయినసారి ఏడు దగ్గులు. ఈసారి ఆరే."

ఆ నాటకంలో ఒక అంకం తగ్గించి ఆడామని నేను గుర్తుచేయలేదు.

ఊపిరితిత్తులు చూడమని ఒక డాక్టరు గారిని పట్టుకొచ్చాం. ఆయన అరగంట చూసి, ఈ ఛాతీతో ఇంకో నలభై ఏళ్ళు పర్వతాలెక్కొచ్చని చెప్పి వెళ్ళిపోయాడు. కురమిత్సు గారి భార్య తొమీ గారిని అడిగితే, ఇంట్లో ఆయన దగ్గగా తను ఎన్నడూ వినలేదంది. మొగుణ్ణి వెనకేసుకొస్తోందని నవ్వుకున్నాం.

వీటన్నిటికీ మకుటం కొమాత్సులో పట్టు దుకాణం నడిపే పెద్దమనిషి వ్యవహారం. ఆయన మా ప్రధాన నటుడూ గురువూ అయిన హసేబె షోఉన్ గారి దగ్గర సరదాకి గానం నేర్చుకునేవాడు. మా ప్రదర్శన ఒకటి టేపు రికార్డరులో పట్టుకుని, ఏడాది పాటు ఇంట్లో సాధన చేశాడు. తర్వాత శిష్యుల సభలో కూర్చుని, గంభీరంగా పాడుతూ, సరిగ్గా నాలుగుచోట్ల దగ్గాడు. అది పాఠంలో భాగమనుకున్నాడు పాపం. సభ పగలబడి నవ్వింది. హసేబె గురువుగారు మాత్రం నవ్వలేదు. మూడో దగ్గు కాస్త తొందరపడిందని చెప్పి ఊరుకున్నారు.

అప్పుడైనా నాకు అనుమానం రావలసింది. టేపు విని నేర్చుకున్న దగ్గు మా నాటకానికి అతికిందంటే, కురమిత్సు గారు ప్రతిసారీ ఒకేచోట దగ్గుతున్నారన్నమాట. లయతో పొట్టపోసుకునేవాణ్ణి, నాకే తట్టలేదు.

ఆ శరదృతువులో రేడియోవాళ్ళు మా నాటకం ప్రసారం చేస్తామని వచ్చారు. మధ్యాహ్నం ఆట. గురువుగారికి డెబ్భై రెండేళ్ళు, ప్రియుడి కోసం ఎదురుచూసి రాలిపోయిన యువతి ఆత్మగా నాట్యం చేస్తారు. మా నాటకశాల వ్యవహారాలు చూసే కనామోరి, జపాన్ దేశమంతటికీ దగ్గు వినిపించడం తన ప్రాణం ఉండగా జరగదన్నాడు. వెనక కూర్చోవడానికి వేరే నటుణ్ణి పెట్టాడు.

మర్నాడు కురమిత్సు గారు మా ఇంటికొచ్చారు. అంతకు ముందు ఎప్పుడూ రాలేదు. గుమ్మంలోనే మోకాళ్ళ మీద కూర్చుండిపోయారు.

"కనామోరి గారితో మీరొక్క మాట చెప్పండి. నన్ను అక్కడ కూర్చోనివ్వమనండి."

"దగ్గకుండా ఉంటానంటే చెబుతాను."

 "ఆ మాట ఇవ్వలేనండీ," అన్నారు.

కారణమేమిటని అడిగాను. చెప్పలేదు. నాకు కోపమొచ్చింది. ఈ నాలుగేళ్ళూ నా నిశ్శబ్దాలన్నీ మీరు పాడుచేశారు, ఒక్కటి నాకు వదిలేయండి అన్నాను. ఆయన వంగి నమస్కరించి వెళ్ళిపోయారు. టీ కూడా తాగలేదు.

ఆట రోజున చూస్తే, ఆయన టికెట్టు కొనుక్కుని ప్రేక్షకుల్లో, వేదిక ముందు మూల స్తంభానికి ఎదురుగా కూర్చుని ఉన్నారు. కొయ్య ముఖం తొడుక్కున్న నటుడికి ఆ స్తంభమే దిక్కు. ముఖానికున్న కళ్ళు శనగగింజంత రంధ్రాలు, వాటిలోంచి స్తంభాన్ని చూసుకునే ఎక్కడ ఆగాలో తెలుసుకుంటాడు. దాటితే కింద గులకరాళ్ళే.

గురువుగారు వేదికకు దారితీసే కొయ్య వంతెన మీదుగా పాదాలు జార్చుకుంటూ వచ్చారు. మొదటిసారి స్తంభం వైపు నడిచినప్పుడు ప్రేక్షకుల్లోంచి "ఖహ్" వినిపించింది. గురువుగారు మూడడుగులు వేసి ఆగారు. కనామోరి మనిషి ఒకతను వంగి వంగి వచ్చి, కురమిత్సు గారి చేతిలో దగ్గుబిళ్ళ పెట్టి, ఆయన్ని మెల్లగా బయటికి నడిపించుకుపోయాడు.

చివరి నాట్యం మొదలైంది. గురువుగారు మూడు చుట్లు తిరిగి స్తంభం వైపు నడిచారు. ఎప్పుడూ దగ్గు వినిపించే చోటు వచ్చింది. నా చేయి గాల్లో ఆగిపోయింది. ఆ దగ్గు పడకపోతే నాకు తర్వాతి దెబ్బ రాదని అప్పుడే తెలిసింది. గురువుగారు ఒక అడుగు వేశారు. రెండు. ఎప్పుడూ ఆగే చోటుకు చేరుతున్నారు, కానీ నడకలో ఆగే సూచన లేదు.

నేను దగ్గాను.

జపాన్ దేశమంతా విన్న ఆ దగ్గు నాది. గురువుగారి పాదం అలాగే నిలిచింది. తెల్ల మేజోడు కొన వేదిక అంచు మీద ఉంది. నిదానంగా విసనకర్ర ఎత్తి, వెనక్కు తిరిగారు. ప్రేక్షకుల్లో ఒక ముసలావిడ ఏడుస్తోంది. ఆ యువతి ఆత్మ లోకం అంచున తటపటాయించడం ఎంతో అందంగా ఉందని తర్వాత అందరితో చెప్పిందట.

ఆట అయ్యాక, నటులు ముఖం తొడుక్కునే అద్దం గదిలో, కొయ్య ముఖం విప్పిన గురువుగారు నన్ను పిలిపించారు. కనామోరి కూడా వచ్చాడు.

"రెండోసారి దగ్గిందెవరు?"

"నేనండి."

"డోలు ఎన్నేళ్ళుగా వాయిస్తున్నావు, నిషిదె?"

"ముప్ఫై ఏళ్ళండి."

"రెండడుగులు ఆలస్యం," అన్నారు.

అలా అంటూ ఆయన చూసింది నా వైపు కాదు, నాకు జానెడు పక్కకి. ఆయన చూపు నాలుగేళ్ళుగా తగ్గుతూ వచ్చి, ఆ వేసవికి పూర్తిగా పోయింది. భార్య చేయి పట్టుకుని తీసుకొస్తుంటే వయసనుకున్నాం. కొయ్య ముఖం తొడుక్కున్నాక ఎవరైనా సగం గుడ్డివాళ్ళే కదా, ఇక వేదిక మీద ఎవరు కనిపెడతారు?

కనామోరి ముఖం పాలిపోయింది. కురమిత్సుతో ఈ ఏర్పాటు గురించి తనకొక్క మాట చెప్పి ఉండాల్సిందన్నాడు.

"ఏర్పాటేం లేదు," అన్నారు గురువుగారు. "నేను అడగలేదు, అతను చెప్పలేదు. ఒకరోజు అంచుదాకా పోయాను, వెనక దగ్గు వినిపించింది. మర్నాటి నుంచీ ప్రతి మలుపులో, సరిగ్గా మూడడుగుల ముందు దగ్గేవాడు. దాని గురించి మేమిద్దరం ఇంతవరకూ నోరెత్తలేదు."

కనామోరి బయటికి పరుగెత్తాడు. నడవాలో బల్ల మీద, ఇచ్చిన బిళ్ళను బుద్ధిగా చప్పరిస్తూ కురమిత్సు గారు కూర్చుని ఉన్నారు. కనామోరి నడుం విరిగేలా వంగి క్షమించమన్నాడు. ఆయన కంగారుగా లేచి, బిళ్ళ చాలా బాగుందని చెప్పారు.

ఆ తర్వాత గురువుగారు ఇంకా మూడేళ్ళు ఆడారు. కురమిత్సు గారు తన చోట కూర్చుని దగ్గారు. ఎవరైనా ఫిర్యాదు చేస్తే, అది మా శాఖ సంప్రదాయమని కనామోరే కళ్ళార్పకుండా చెప్పేవాడు. నేను నా డోలు దెబ్బల్ని ఆ దగ్గుకు సరిపడా సర్దుకున్నాను. అంత బాగా నేను ఎన్నడూ వాయించలేదు.

చివరి ప్రదర్శన అయిపోయిన మధ్యాహ్నం ముగ్గురం కలిసి నడిచి వెళ్ళాం. సన్నగా మంచు పడుతోంది. ఇక దాచేదేమీ లేదు కనక గురువుగారు అందరూ చూస్తుండగానే కురమిత్సు గారి భుజం పట్టుకుని నడుస్తున్నారు. దారిలో నది వంతెన దిగే దగ్గర మెట్లున్నాయి. మూడడుగుల ముందు కురమిత్సు గారు "ఖహ్" అన్నారు.

గురువుగారు ఆగారు.

"కురమిత్సూ, ఇది వీధి. ఇక్కడ నోరు తెరిచి చెప్పొచ్చు."

కురమిత్సు గారు ఎర్రబడ్డారు. గొంతు సవరించుకున్నారు. తలవంచుకుని, పెళ్ళిచూపుల్లో పేరు చెప్పే అమ్మాయిలా సిగ్గుపడుతూ, "మెట్టండీ," అన్నారు.